ఒకే పంక్తి: క్రైస్తవ విశ్వాసంలో కృప, విమోచన

ఈ స్మారకోపన్యాసం ఇవ్వమని అడిగినప్పుడు కమిటీవారు విషయాన్ని నాకే వదిలిపెట్టారు. ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూడామో ఆ గురువుగారు సంఘచరిత్ర బోధించినంత కాలం ఏ సిద్ధాంతాన్నైనా అది పుట్టిన తగాదాతో కలిపి చెప్పేవారు. తగాదా తెలియని విద్యార్థికి సిద్ధాంతం కంఠస్థమవుతుంది గాని ఒంటబట్టదని వారి నమ్మకం. ఆ పద్ధతిలోనే ఈ సాయంత్రం కృపను గురించీ విమోచనను గురించీ మాట్లాడదలిచాను. సభలో క్రైస్తవేతర మిత్రులు కూడా ఉన్నారు కనుక, సంఘస్థులకు తెలిసినవే అయినా కొన్ని సంగతులు మొదటినుంచీ చెబుతాను. పెద్దలు మన్నించాలి.

అర్హతతో నిమిత్తం లేకుండా దేవుడు తనంతట తాను మనిషి మీద చూపే దయ కృప. ఆ దయ మనిషిని బంధంలోంచి విడిపించడం విమోచన. ఈ రెంటినీ మన సంఘాల్లో ఎక్కువగా ఎలా బోధిస్తున్నాం? ఒక పాపి, అతని మనస్సాక్షి, అతని దేవుడు. వీరి మధ్య ఏకాంతంలో జరిగే వ్యవహారంగా బోధిస్తున్నాం. ఆ బోధ అబద్ధమని నేను అనడం లేదు. అది సగమని అంటున్నాను. కృప సిద్ధాంతం మొదట పలికింది భోజనపంక్తి దగ్గర. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినవచ్చు అన్న ప్రశ్నకు జవాబుగా అది మాటల్లోకి వచ్చింది. ఆ పంక్తినుంచి లేపి దాన్ని ఏకాంతమందిరంలో కూర్చోబెట్టిన ప్రతిసారీ సంఘం విమోచనను సగంలో ఆపివేసింది. ఇదే నా ప్రతిపాదన. దీనికి సాక్ష్యం చరిత్రే చెప్పాలి.

క్రీస్తు శకం 50 ప్రాంతానికి వెళదాం. సిరియాలోని అంతియొకయ పట్టణం. అక్కడి సంఘంలో యూదులూ యూదేతరులూ కలిసి ఉన్నారు. అపొస్తలుడైన పేతురు అక్కడికి వచ్చి యూదేతరులతో కలిసి భోజనం చేశాడు. ఇంతలో యెరూషలేము నుంచి, అక్కడి సంఘనాయకుడైన యాకోబు దగ్గరనుంచి కొందరు వచ్చారు. వారు ఏమనుకుంటారో అని పేతురు మెల్లగా వెనక్కి తగ్గి వేరుగా కూర్చున్నాడు. తక్కిన యూదు విశ్వాసులు అతణ్ణి అనుసరించారు. పౌలుకు కుడిభుజమైన బర్నబా సైతం అటే పోయాడు. అప్పుడు పౌలు అందరి ఎదుట పేతురును నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఈ ఘట్టం ఉంది. మనిషిని దేవుని ముందు నిర్దోషిగా నిలబెట్టేది ఆచారపాలన కాదు, క్రీస్తు మీది విశ్వాసమే అన్న వాదం పౌలు పత్రికల్లో మొదటగా కనిపించేది ఈ నిలదీతను ఆనుకొనే. పదిహేను వందల ఏళ్ల తరవాత ఐరోపాను రెండుగా చీల్చిన సిద్ధాంతానికి మూలం ఒక విస్తరి దగ్గర జరిగిన వివాదం. తక్కిన ప్రపంచానికి ఈ ఘట్టాన్ని వివరించి చెప్పాలేమో గాని, పంక్తిభేదం ఎరిగిన, టీకొట్టులో వేరుగా పెట్టిన గ్లాసును చూసిన తెలుగువాడికి వ్యాఖ్యానం అక్కరలేదు.

పౌలు తర్కం సూటిగా ఉంది. ఎవరూ తమ యోగ్యతతో ఈ బల్ల దగ్గరికి రాలేదు. కాబట్టి పక్కవాడి యోగ్యతను ప్రశ్నించే హక్కు ఎవరికీ లేదు. కొరింథు సంఘంలో ధనికులు ముందే వచ్చి కడుపునిండా తిని తాగుతుంటే, పని ముగించుకుని ఆలస్యంగా వచ్చిన పేదలు ఆకలితో మిగిలిపోయేవారు. అది ప్రభువు భోజనమే కాదని పౌలు తేల్చేశాడు. అక్కడ ఆయన తప్పుపట్టింది ప్రార్థనలో లోపాన్ని కాదు, వడ్డనలో లోపాన్ని.

సువార్తలను ఈ దృష్టితో మళ్లీ చదివితే, యేసు కృపను గురించి చెప్పిన కథల్లో సణుగుడు ఎంత తరచుగా వినిపిస్తుందో గమనించవచ్చు. తప్పిపోయిన కుమారుడు తిరిగివచ్చాడని తండ్రి విందు చేస్తే, పెద్దకొడుకు గుమ్మం దాటి లోపలికి రాడు. ద్రాక్షతోటలో సాయంకాలం గంటసేపు పనిచేసినవాడికి పూర్తి కూలి ముట్టితే, పొద్దుటినుంచి ఎండలో పనిచేసినవాళ్లు గొణుగుతారు. యజమాని వాళ్ల కూలిలో ఒక్క కాసు తగ్గించలేదు. మరి వాళ్ల ఫిర్యాదు దేని మీద? తమతో ఇంకొకరిని సమానం చేయడం మీద. కృపను అందరూ కోరుకుంటారు. పక్కవాడికి దక్కినప్పుడే అది భరించరానిదవుతుంది.

జక్కయ్య కథలో ఇంకో సంగతి ఉంది. అతను యెరికోలో పన్నుల వసూలుదార్లకు పెద్ద. యేసు అతని ఇంటికి అతిథిగా వెళతానన్నాడు, జనం సణిగారు. ఆ తరవాతే జక్కయ్య లేచి, తన ఆస్తిలో సగం పేదలకు ఇస్తానని, అన్యాయంగా లాగుకున్నదానికి నాలుగింతలు తిరిగి చెల్లిస్తానని ప్రకటించాడు. ఆతిథ్యం ముందు, చెల్లింపు తరవాత. ఈ వరస మారితే కృప కొనుగోలు అవుతుంది. అయితే రెండోది అసలే జరగకపోతే జక్కయ్య దోచుకున్న కుటుంబాలకు ఆ విందువల్ల ఒరిగేదేమిటి? ఈ ప్రశ్నను మనం బోధల్లో తరచుగా దాటవేస్తాం. నేను ఇవాళ దాటవేయదలచలేదు.

విమోచన అన్న భావనకు ఇంకా పాత వేరు ఉంది. ఇశ్రాయేలీయులకు విమోచన అంటే మొట్టమొదట ఐగుప్తులో ఇటుకలు చేసే వెట్టినుంచి బయటపడటం. లేవీయకాండం ఇరవై అయిదో అధ్యాయం ప్రకారం, అప్పుల్లో పడి పొలం అమ్ముకున్నవాడి తరఫున దగ్గరి బంధువు వచ్చి ఆ పొలాన్ని విడిపించాలి. తనను తానే అమ్ముకున్నవాణ్ణి డబ్బు కట్టి విడిపించుకోవాలి. రూతు కథలో బోయజు చేసింది ఆ బంధువు పనే. అంటే విమోచకుడు చుట్టం. విడిపించినవాడు విడుదలైనవాణ్ణి చుట్టరికంలో నిలబెట్టుకుంటాడు. రోము సామ్రాజ్యంలో బానిసల సంతలు ఎరిగిన శ్రోతలకు పౌలు ఈ భాషలోనే సిలువను బోధించాడు. ఆ ధర ఎవరికి చెల్లింది, ఎలా చెల్లింది అన్న చర్చ తరవాతి శతాబ్దాలది. పదకొండో శతాబ్దం చివర కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్ దాన్ని ప్రభువు గౌరవానికి జరిగిన లోటు, దాని భర్తీ అన్న రూపంలో తర్కించాడు. ఆ చర్చలోకి నేను లోతుగా పోను. దానిలో మునిగినవారు, విడుదలైనవాడు ఆ పిమ్మట ఎక్కడ, ఎవరితో బతుకుతాడన్న ప్రశ్నను తరచుగా మరిచారని మాత్రం అంటాను.

ఇక అగస్టీను. ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తెలో 354లో పుట్టి, 387లో మిలాన్‌లో బిషప్ అంబ్రోసు చేతిమీదుగా బాప్తిస్మం పొంది, హిప్పోలో బిషప్‌గా 430లో కన్నుమూసినవాడు. మనిషి సంకల్పమే వంకరపోయింది, కృప ముందుగా వచ్చి దాన్ని సరిచేయకపోతే మంచిని కోరడం కూడా మనిషివల్ల కాదని ఆయన వాదం. బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన పెలేగియస్ దీన్ని ఒప్పుకోలేదు. దేవుడు ఆజ్ఞ ఇచ్చాడంటే పాటించే శక్తి మనిషికి ఇచ్చినట్టేనని అతని వాదం. 418లో కార్తేజి సభ పెలేగియస్ బోధను ఖండించింది. నా తీర్పు అడిగితే, మనిషి లోపలి గాయం ఎంత లోతో చూసినవాడు అగస్టీనే. కాని ఓడిపోయినవాళ్లు చూసిన ఒక సత్యం గెలిచినవారి చేతిలో జారిపోయింది. ధనికుల సంపదను తీవ్రంగా ప్రశ్నించే రచనలు పెలేగియస్ వర్గంనుంచి వచ్చాయి. కృపాచార్యుడని పేరుపొందిన అగస్టీను తన ‘దేవుని నగరం’లో బానిసత్వం సృష్టిక్రమం కాదని ఒప్పుకుంటూనే, అది పాపానికి పడిన శిక్ష అని సరిపెట్టాడు. లోపలి మనిషికి విడుదల, బయటి మనిషికి ఓర్పు. ఈ విభజన ఆ తరవాత చాలాకాలం నిలిచింది.

మన దేశానికి ఈ చర్చ కొత్తది కాదు. భగవత్కృపకు జీవుడి ప్రయత్నం తోడుకావాలా అక్కరలేదా అని శ్రీవైష్ణవులు మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయాలతో శతాబ్దాలపాటు వాదించుకున్నారు. తల్లిని తానే పట్టుకునే కోతిపిల్ల వడగలైవారి వాదానికీ, తల్లే నోట కరచుకుపోయే పిల్లికూన తెంగలైవారి వాదానికీ ప్రతీకలైనాయి. జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఆటో ఈ సామ్యాన్ని గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. సిద్ధాంతాలు ఎంత దగ్గరగా నడిచాయో, పంక్తి దగ్గర చిక్కులు కూడా రెండుచోట్లా అంత దగ్గరగానే నడిచాయి.

మార్టిన్ లూథర్ 1517లో పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని ఎదిరించిన సంగతి అందరూ ఎరిగినదే. కృపకు ధర కట్టేవారిమీద తిరగబడి ఆయన చేసిన మేలు అపారం. అయితే ఎనిమిదేళ్లకే, 1525 మార్చిలో, మెమ్మింగెన్ పట్టణంలో జర్మన్ రైతులు పన్నెండు అంశాలతో ఒక విన్నపం తయారుచేశారు. అందులో మూడో అంశం ఈనాటికీ చదవదగింది. గొర్రెలకాపరి మొదలు గొప్పవాడిదాకా అందరినీ క్రీస్తు తన రక్తంతో విమోచించాడు కాబట్టి తమను ఇకమీదట భూస్వాముల సొత్తుగా ఉంచడం చెల్లదని వారి వాదన. లూథర్ దీన్ని తోసిపుచ్చాడు. ఇది క్రైస్తవ స్వాతంత్ర్యాన్ని శారీరకమైనదిగా మార్చడమని అన్నాడు. తిరుగుబాటు రక్తపాతంలోకి దిగాక రైతుల అణచివేతను సమర్థిస్తూ ఇంకా కఠినంగా రాశాడు. ఆ యుద్ధంలో చచ్చిపోయినవారు లక్షవరకూ ఉంటారని చరిత్రకారుల అంచనా. సిద్ధాంతాన్ని పుస్తకంలోంచి తీసి బయటపెట్టినవాడు లూథర్; అది ఎంతదూరం పోవాలో తెలుసుకున్నవాళ్లు ఆ రైతులు. 1999లో ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులూ లూథరన్లూ కృపవల్ల నీతిమంతులవడం అన్న అంశంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. నాలుగున్నర శతాబ్దాలకు పైబడిన చీలికలో పడిన ముఖ్యమైన కుట్టు అది. మెమ్మింగెన్ మూడో అంశానికి మాత్రం అందులో జవాబు వెతకనక్కరలేదు. ఆ ప్రశ్న ఆ సంభాషణలోకే రాలేదు.

ఏకాంత కృపకు హద్దు ఎక్కడో చూపించే జీవితం జాన్ న్యూటన్‌ది. ‘అమేజింగ్ గ్రేస్’ అన్న కీర్తన రాసిన వ్యక్తిగా ఆయన లోకానికి తెలుసు. 1748 మార్చిలో అట్లాంటిక్ తుపానులో ఓడ మునిగిపోయే స్థితిలో ఆయన దేవుణ్ణి వేడుకున్నాడు. అక్కడే తన మార్పు మొదలైందని జీవితాంతం చెప్పుకున్నాడు. మనం ఆ కథను ఇక్కడ ఆపుతాం. కాని ఆ తరవాతే ఆయన బానిసల ఓడలకు కెప్టెన్ అయ్యాడు. 1750 మొదలు 1754 దాకా ఆఫ్రికా మనుషులను గొలుసులతో ఓడ అడుగున పడుకోబెట్టి తీసుకుపోయాడు. ఓడ పైభాగంలో ప్రార్థనలు జరిపాడు. ఆ పనినుంచి ఆయనను తప్పించింది పశ్చాత్తాపం కాదు, అనారోగ్యం. 1764లో గురుపట్టం పొంది ఓల్నీలో కాపరి అయ్యాడు. ఆ కీర్తన 1773 కొత్త సంవత్సరపు ప్రసంగం కోసం తయారైంది. బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ, తన పాత్రను ఒప్పుకుంటూ ఆయన కరపత్రం ప్రచురించింది 1788లో. తుపానుకూ కరపత్రానికీ మధ్య నలభై ఏళ్లు.

ఆ కాలంలోనే ఇంకొక క్రైస్తవుడున్నాడు. ఒలౌడా ఎక్వియానో. బానిసగా అమ్ముడుపోయి, 1759లో వెస్ట్‌మిన్‌స్టర్‌లోని సెయింట్ మార్గరెట్ చర్చిలో బాప్తిస్మం పొందాడు. బాప్తిస్మం తరవాత కూడా అతణ్ణి అమ్మారు. చిన్నచిన్న వ్యాపారాలు చేసి పైసా పైసా కూడబెట్టి, 1766లో నలభై పౌండ్లు యజమానికి చెల్లించి తన్నుతాను విడిపించుకున్నాడు. 1789లో అతని ఆత్మకథ వెలువడింది. న్యూటన్‌కు విమోచన ఉచితంగా దొరికింది, ఎక్వియానో దానికి నలభై పౌండ్లు కట్టవలసి వచ్చింది. ఇద్దరూ ఒకే రక్షకుణ్ణి నమ్మారు. ఈ ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, వారిమధ్య చెల్లవలసిన లెక్కను కూడా మాట్లాడించగల కృప సిద్ధాంతం మనకు కావాలి. న్యూటన్ చివరికి ఆ వైపుకు నడిచాడన్నది కూడా నిజం. బానిస వ్యాపార నిషేధానికి తరవాత పార్లమెంటులో పోరాడిన విల్బర్‌ఫోర్సును, అతను యువకుడుగా ఉన్నప్పుడు, పార్లమెంటు వదిలి వెళ్లవద్దని ప్రోత్సహించాడు. బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించిన 1807లోనే, డిసెంబరులో, మరణించాడు.

ఇప్పుడు మన గడ్డకు వస్తాను. ఒంగోలు కథ నాకు ఈ ఉపన్యాసంలో ప్రధానమైనది.

అమెరికన్ బాప్టిస్టు మిషను 1840 నాటికే నెల్లూరులో ఉంది. పాతికేళ్లు పనిచేసినా సంఘం పిడికెడే. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. మిషనరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసినవాడు. మొదట్లో ఒంగోలులోని పైకులాలవారు ఆయనను ఆదరించారు, పిల్లలను బడికి పంపారు. అదే కాలంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం పొందాడు. తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగినవాడు, యోగసాధన చేసినవాడు, గురువును వెతుక్కున్నవాడు. ఆయన సాక్ష్యంతో మాదిగపల్లెలు కదిలాయి. అప్పుడు పైకులాల పెద్దలు క్లౌకు చెప్పారు: వీళ్లను చేర్చుకుంటే మేం రాము. అంతియొకయ ప్రశ్న ఒంగోలు బంగళాకు వచ్చింది. క్లౌ, ఆయన భార్య వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం ఎదురైందని క్లౌ తన ఆత్మకథలో రాసుకున్నాడు: లోకం ఎన్నికలేనివారిగా చూసినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగమది. మాదిగలను చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది. పేతురు చేయలేకపోయిన పని అది.

1876లో కరువు మొదలైంది. సర్వేయరు అనుభవం ఉన్న క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ కాలంలో, సుమారు పదిహేను నెలలపాటు, బాప్తిస్మాలు పూర్తిగా నిలిపివేశాడు. జనం అడిగారు, ఇవ్వలేదు. గంజికోసం వచ్చే విశ్వాసాన్ని నమ్మలేడు, గంజిని ఎరగా వేసినట్టు కనబడటాన్ని సహించలేడు. 1878లో సహాయం ముగిశాక, ఇక డబ్బు లేదని తెలిసి కూడా జనం తరలివచ్చారు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ ఏడాది ముగిసేలోగా లెక్క తొమ్మిదివేలు దాటింది. నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులు.

ఈ సంఖ్యను మనం పండుగల్లో గర్వంగా చెప్పుకుంటాం. నన్ను ఆకట్టుకునేది ఆ పదిహేను నెలల నిరాకరణ. అన్నానికి షరతు లేదు, బాప్తిస్మానికి ఎర లేదు. కృపను అమ్మకుండా ఉండటమంటే ఆచరణలో ఏమిటో అక్కడ కనబడుతుంది. చేరినవారికి క్లౌ పెట్టిన నియమాలు కొద్దివి: ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. వినడానికి ఇవి మతనియమాలు. పల్లెలో మాత్రం ఇవి భూకంపం. ఊరు పిలిచినప్పుడల్లా వెట్టికి పోవలసినవాడు వారానికి ఒకరోజు రానన్నాడు. జాతరకు డప్పు కొట్టనన్నాడు. దానికి దెబ్బలూ తిన్నాడు. గుండ్లకమ్మ ఒడ్డున విమోచన మాట మళ్లీ ఐగుప్తు ఇటుకల అర్థానికి చేరుకుంది. మతమార్పిడిని కేవలం ప్రలోభంగా చూసేవారు ఈ చరిత్రను ఓపికగా చదవాలి. అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పుకునే మనవాళ్లు కూడా చదవాలి.

ఎందుకంటే ఆ విమోచన కూడా సగంలోనే ఆగింది. ఒంగోలు బాప్టిస్టు సంఘంలో ప్రధానంగా మాదిగలు, గుంటూరు లూథరన్ సంఘంలో ప్రధానంగా మాలలు చేరారు. మిషన్ల హద్దులు పల్లెల హద్దులను చెరపకుండా వాటిమీదే పడ్డాయి. తెల్లవారికీ మనవారికీ మధ్య బల్ల కూడా ఒకటి కాలేదు. తరవాత 1912లో దోర్నకల్ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, మీ త్యాగాలకు కృతజ్ఞులం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్న భావంతో అడిగినది ఈ లోటు గురించే. రాజ్యాంగం కింద వెలువడిన 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను జాబితా బయట ఉంచింది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో మార్పు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. బాప్తిస్మంతో కులం పోయిందని చట్టం అంటుంది. ఆ మాట ఊరు ఒప్పుకోదు. 1985 జూలైలో, ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లాలోనే అప్పట్లో ఉన్న కారంచేడులో మాదిగలమీద జరిగిన హత్యాకాండ అది ఒప్పుకోలేదనడానికి సాక్ష్యం.

ఊరి సంగతి అటుంచి మన సంగతి చూసుకుందాం. మాలపల్లె చర్చికీ మాదిగపల్లె చర్చికీ మధ్య నడక దూరం ఎంత? ఎన్నేళ్లుగా నడవలేదు? వేరువేరు సమాధుల తోటలు ఎందుకున్నాయి? ఇవి కృప సిద్ధాంతానికి సంబంధం లేని సామాజిక ప్రశ్నలని ఎవరైనా అంటే, పౌలు అంతియొకయలో దేనిగురించి మాట్లాడాడో వారు చెప్పాలి. ఇంకో వైపు, కానుక విత్తితే ఆశీర్వాదం పంటగా వస్తుందని వేదికలమీద, టీవీ తెరలమీద బోధిస్తున్నారు. లూథర్ ఎదిరించిన పత్రాలకూ దీనికీ తేడా నాకు కనబడదు. 1937లో హిట్లర్ పాలనలో ఉండి డీట్రిచ్ బానహోఫర్ బతుకు మారనక్కరలేదనే చవకబారు కృప సంఘానికి ప్రాణశత్రువని హెచ్చరించాడు. చవకబారు కాని కృపకు ధర తన ప్రాణమని 1945 ఏప్రిల్‌లో ఫ్లాసెన్‌బర్గ్ ఉరికంబం దగ్గర రుజువు చేశాడు. మన దగ్గర కృప ఒకచోట చవకబారుతోంది, ఇంకోచోట వెలకు దొరుకుతోంది. రెండూ పక్కవాడి పక్కన కూర్చునే బాధ్యతను తప్పించుకునే మార్గాలే.

ఈ సభలో కాపరులున్నారు. వచ్చే ఈస్టరు లోపల మీ ఊళ్లో రెండు పల్లెల సంఘాలూ కలిసి ఒక్కసారి ప్రభురాత్రి భోజనం తీసుకునే ఏర్పాటు చేయండని చేతులు జోడించి అడుగుతున్నాను. దానికి సినడు తీర్మానం అక్కరలేదు. విద్యార్థులను ఇంకొకటి అడుగుతాను. 1878నాటి కుటుంబాల మూడో తరం, నాలుగో తరం ముసలివాళ్లు మీ ఇళ్లలో ఇంకా ఉన్నారు. తమ పెద్దలు ఏ వెట్టి మానేశారు, ఏ బావి దగ్గర నిలబడ్డారు, ఎవరితో కలిసి తిన్నారు, ఎవరితో తినలేదు అన్నది వాళ్లకు గుర్తుంది. మిషను రికార్డుల్లో అది దొరకదు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అడిగి రాసుకుని రండి.